బ్రహ్మసమాజంలో రెండు తెరలు



ఇంట్లో ఏ వ్రతమో, పెళ్ళో జరుగుతూ ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల కొంగు పట్టుకుని "ఇదెందుకమ్మా ఇలా చెయ్యాలి?" అంటుంది. ఒకపక్క పులిహోర కలపాలి, ఇంకోపక్క పురోహితుడు తమలపాకులు అడుగుతుంటాడు. మనకి తీరికెక్కడిది? "పెద్దవాళ్ళు చేశారు, మనం చేస్తున్నాం, ఊరుకో" అనేస్తాం. పిల్ల ఊరుకుంటుంది. పని జరిగిపోతుంది.

కాని ఆ పిల్ల అడిగిన ప్రశ్ననే కొందరు పెద్దవాళ్ళు కలిసి కూర్చుని, తమ మతం గురించి తామే అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? ఒక ఏడాది కాదు, యాభై అరవై ఏళ్ళపాటు అడుగుతూనే ఉంటే? కలకత్తాలో బ్రహ్మసమాజం వారు చేసింది అదే. రామమోహనరాయ్ గారి పేరు మనందరం చిన్న క్లాసులో చదువుకున్నాం. సతీసహగమనం, బెంటింక్ దొర, 1829. పరీక్షలో ఆ మూడూ రాస్తే మార్కులు వచ్చేవి. ఆ తరవాత ఆ ప్రార్థన మందిరాల్లో ఏం జరిగిందన్నది మాత్రం మనకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళం తెలుసుకోదగ్గ కథ అసలు అక్కడే ఉంది.

1828 ఆగస్టు 20న రామమోహనరాయ్ గారు కలకత్తా చిత్పూరు రోడ్డులో ఒక అద్దె ఇంట్లో బ్రహ్మసభ ప్రారంభించారు. విగ్రహం లేదు, నైవేద్యం లేదు. శనివారం సాయంత్రాలు నలుగురూ చేరి, ఒక్కడే అయిన దేవుణ్ణి ధ్యానించడం, ఉపనిషత్తులు వినడం, వాటి అర్థం బెంగాలీలో చెప్పించుకోవడం, పాటలు పాడుకోవడం. అంతే. ఈ సభలో వేదం చదివినవారెవరో తెలుసా? ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు! బ్రహ్మసమాజ చరిత్ర రాసిన శివనాథశాస్త్రి గారే ఈ సంగతి రాశారు. మనవాళ్ళు అంత దూరం వెళ్ళి, అంత కొత్త సభలో వేదం వల్లించారంటే మనకి గర్వంగానే ఉంటుంది. అయితే ఆ పక్కనే ఇంకొక మాట కూడా ఉంది. వారు వేదం చదివింది సభామధ్యంలో కాదు, పక్క గదిలో, జనానికి కనపడకుండా చాటున. ఆ గదిలోకి బ్రాహ్మణులు కానివారికి ప్రవేశం లేదు.

మరి 1830 జనవరిలో సమాజానికి సొంత భవనం ఏర్పడినప్పుడు రాసిన ట్రస్టు దస్తావేజులో ఏముంది? మర్యాదగా నడుచుకునే వారెవరైనా సరే, ఏ భేదమూ లేకుండా ఇక్కడికి వచ్చి ప్రార్థన చేసుకోవచ్చు, ఎవరు కొలిచే దేవుణ్ణీ ఇక్కడ నిందించరాదు అని ఉంది. కాగితం మీద అందరూ సమానమే. పక్క గదిలో మాత్రం చాటు అలాగే ఉంది. ఇది ఆ సమాజంలో మొదటి తెర అనుకోండి.

ఆ తెరను తీయించినవారు దేవేంద్రనాథ్ ఠాకూరు గారు, మన రవీంద్రుని తండ్రి. రామమోహనరాయ్ గారు 1830లో ఇంగ్లండు వెళ్ళి, 1833లో బ్రిస్టల్‌లో కన్నుమూశారు. ఆయన వెళ్ళాక సభకు వచ్చేవారు పలచబడిపోయారు. రామచంద్ర విద్యావాగీశులనే పండితుడొక్కరు దీపం ఆరకుండా కాపాడుకొచ్చారు. 1843 డిసెంబరులో దేవేంద్రనాథులు మరి ఇరవై మందితో కలిసి ఆయన దగ్గరే దీక్ష పుచ్చుకుని సమాజం పని నెత్తికెత్తుకున్నారు. పక్కగది ఏర్పాటు దస్తావేజులోని మాటకు విరుద్ధమని ఆయనకు తోచింది. వేదపాఠం అందరి ఎదుటా జరగాలన్నారు. అలాగే జరిపించారు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కాని ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నను పిలుస్తుంది కదా! అక్షయకుమార దత్తు అనే ఆయన సమాజం వారి 'తత్త్వబోధినీ పత్రిక'కు సంపాదకుడు. సైన్సు పిచ్చి ఉన్న మనిషి. ఆయన పిల్లలకు ఒక లెక్క చెప్పాడని చెప్పుకుంటారు. రైతు కష్టపడితే పంట వస్తుంది. కష్టపడి, ప్రార్థన కూడా చేస్తే అదే పంట వస్తుంది. అప్పుడు ప్రార్థన విలువెంత? సున్నా! ప్రార్థన సమాజం వారి పత్రికను నడిపే మనిషి ఈ లెక్క చెబితే మరొకచోట వెంటనే గెంటేసేవారు. వీరు గెంటలేదు. పన్నెండేళ్ళు ఆయనే సంపాదకుడు.

వేదంలో తప్పనేదే ఉండదని మనం నమ్మాలా అని ఈ అక్షయకుమారుడే అడిగాడు. దేవేంద్రనాథులకు వేదమంటే ప్రాణం. కోపం రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. కాని ఆయన ఏం చేశారో చూడండి. నలుగురు విద్యార్థుల్ని సొంత ఖర్చుతో కాశీకి పంపారు, నాలుగు వేదాలూ చదివి రమ్మని. తరవాత తనే కాశీ వెళ్ళి పండితులతో కూర్చుని విన్నారు. విన్నాక, చదివాక, వేదమంతా ప్రశ్నకు అతీతమని చెప్పలేమని ఒప్పుకున్నారు. జ్ఞానంతో తేటపడిన మనస్సే ప్రమాణమన్నారు. ఉపనిషత్తుల్లో తమ మనస్సుకు పట్టిన భాగాలు ఏరి 'బ్రాహ్మధర్మం' అనే పుస్తకం కూర్చుకున్నారు. తనకు అంత ప్రియమైన సంగతి మీద ఎదుటివాడు ప్రశ్న వేస్తే, నోరు మూయించకుండా "పద, చూసి వద్దాం" అనడం ఎంతమందికి చేతనవుతుంది? నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇది.

ఇక ఆడవాళ్ళ సంగతికి వద్దాం. ఇన్నాళ్ళ ఈ చర్చల్లో ఆడవాళ్ళెక్కడున్నారు? లోపలి వాకిట్లో ఉన్నారు. కలకత్తా పెద్దిళ్ళలో ఆడవాళ్ళకు అంతఃపురం దాటడమే గగనం. కేశవచంద్రసేన్ అనే యువకుడు 1857లో సమాజంలో చేరారు. 1862లో దేవేంద్రనాథులు ఆయన్ను ఆచార్యుణ్ణి చేశారు. బ్రాహ్మణుడు కాని మనిషి ఆచార్యుడు కావడమే ఒక వింత. ఆ రోజు తన భార్యను కూడా వెంట తీసుకుని ఠాకూర్ల ఇంటికి వెళతానన్నారు కేశవ్. సేనుల ఇంటి పెద్దలు వీల్లేదంటే వీల్లేదన్నారు. ఇంటి కోడలు పరాయివాళ్ళ ఇంటికి, అందునా బ్రహ్మసమాజం వాళ్ళింటికి వెళ్ళడమా! ఆ అమ్మాయి పేరు జగన్మోహిని. అత్తవారు ఒకవైపు, భర్త ఒకవైపు. ఆమె భర్త వెనకాల నడిచి గడప దాటింది. ఇక ఇంటికి రావద్దని పెద్దలు కబురు పంపారు. కొన్ని నెలలు ఆ దంపతులు దేవేంద్రనాథుల ఇంట్లోనే తలదాచుకున్నారు. ఆచార్య పదవి దొరికింది భర్తకి. గడప దాటిన దాని బరువు మాత్రం ఇద్దరూ మోశారు.

తరవాత పెద్దాయనకీ ఈ యువకులకీ పొసగలేదు. జంధ్యం వేసుకున్నవారు వేదిక మీద కూర్చుని ప్రార్థన నడపవచ్చునా అన్నది తగువు. కులాంతర వివాహాలు, వితంతు వివాహాలు వెంటనే చెయ్యాలని వీరు, నెమ్మదిగా పోదామని ఆయన. 1866లో కేశవ్ వర్గం విడిపోయి భారతవర్షీయ బ్రహ్మసమాజం పెట్టుకుంది. పాతది ఆది బ్రహ్మసమాజం అయింది. కొత్తవారు 1869లో తమ మందిరం కట్టుకున్నారు. ఆడవాళ్ళూ ప్రార్థనకు రావచ్చు. కాని ఎక్కడ కూర్చోవాలి? తెర వెనక.

ఇది రెండవ తెర. 1872లో దుర్గామోహన్ దాస్, అన్నదాచరణ్ ఖాస్తగీర్ అనే ఇద్దరు పెద్దమనుషులు తమ ఇంటి ఆడవాళ్ళను తెర వెనక్కి పంపకుండా, అందరి మధ్యా తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. మందిరంలో గగ్గోలు పుట్టింది. ధ్యానానికి భంగమన్నారు కొందరు, మర్యాద కాదన్నారు కొందరు. ఆచార్య కేశవ్ కూడా కుదరదన్నారు. అవును, పదేళ్ళ కిందట భార్యను గడప దాటించిన ఆ కేశవే! ఆయన ఉద్దేశంలో ఆడవాళ్ళ చదువు కావలసిందే, కాని అన్నీ ఒక్కసారిగా వద్దు. ఒకప్పుడు దేవేంద్రనాథులు తనతో అన్న మాటే ఇప్పుడు తన నోటి వెంట వచ్చింది.

అవతలివారు వాదులాడి ఊరుకోలేదు. మీ మందిరానికి రాకుండా మేమే వేరే ప్రార్థన జరుపుకుంటామన్నారు. ఖాస్తగీర్ గారింట్లో జరుపుకున్నారు. చివరకు కేశవ్ దిగివచ్చారు. తెర బయట కూర్చోదలచిన స్త్రీలకు బయట చోటు, తెర వెనకే బాగుందనుకునే వారికి వెనక చోటు ఏర్పాటు చేశారు. ఈ పరిష్కారం చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా తెలివైనది. బయటికి రమ్మని ఎవరినీ గుంజలేదు, లోపలే ఉండమని ఎవరినీ తోయలేదు.

బయట కూర్చున్నంత మాత్రాన ఏమొచ్చిందని అడగవచ్చు మీరు. ఆ కుటుంబాల ఆడపిల్లల సంగతి చెబుతాను వినండి. దుర్గామోహన్ దాస్ కూతురు అబల డాక్టరు చదువు చదవాలనుకుంది. అప్పటికి కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకోదు. 1882లో ఆ పిల్ల మన మద్రాసు వచ్చి మెడికల్ కాలేజీలో చేరింది. తరవాత జగదీశ్ చంద్రబోస్ గారి భార్య అయి, జన్మంతా ఆడపిల్లల చదువుకి, వితంతువుల బాగుకి పాటుపడింది. ఖాస్తగీర్ గారి కూతురు కుముదిని కలకత్తాలో బెతూన్ కాలేజీకి ప్రిన్సిపాలయింది. ఈ తెర తగువులోనే ముందు నిలబడిన మరొకాయన ద్వారకానాథ్ గంగూలీ. ఆయన దగ్గర చదువుకుని, తరవాత ఆయననే పెళ్ళాడిన కాదంబిని 1883లో చంద్రముఖీ బోసుతో కలిసి బి.ఎ. పట్టా పుచ్చుకుంది. దేశంలో పట్టభద్రులైన మొదటి ఆడవాళ్ళు ఆ ఇద్దరే. కాదంబిని 1886లో డాక్టరై ప్రాక్టీసు పెట్టింది. 1891లో ఒక పత్రిక ఆవిడ శీలం మీద నీచంగా రాస్తే కోర్టుకెక్కి గెలిచింది. ఆ పత్రిక సంపాదకుడు ఆరు నెలలు జైల్లో కూర్చున్నాడు. సంసారం, పిల్లలు, రోగులు, కోర్టు, అన్నీ ఆవిడే చూసుకుంది.

కథ ఇలాగే సాఫీగా సాగి ఉంటే ఎంత బాగుండును! కాని ఈ సమాజానికి అసలు పరీక్ష ఒక పెళ్ళి రూపంలో వచ్చింది.

ఆడపిల్లకు పెళ్ళీడు ఎంత అన్న ప్రశ్న కేశవ్ గారే లేవదీశారు. శాస్త్రాలు తిరగేయలేదు. 1871లో కలకత్తాలోని పెద్ద పెద్ద డాక్టర్లకు, తెల్లవారికీ మనవారికీ కూడా, ఉత్తరాలు రాసి, ఆడపిల్ల శరీరం ఏ వయస్సుకి కాపురానికి తగినదవుతుందని అడిగారు. చాలామంది పదహారుకు అటూ ఇటూగా చెప్పారు. ఆయన పట్టుదల వల్లనే 1872లో మూడవ నంబరు చట్టం వచ్చింది. పెళ్ళికూతురికి కనీసం 14, పెళ్ళికొడుక్కి 18. కులం అడ్డు రాదు, వితంతువుకు అడ్డు లేదు, ఒకరికి ఒక్కరే. కాకపోతే వధూవరులు మేము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము అంటూ ప్రకటించాలి. మేము హిందువులమే, అలా ఎందుకంటాం అని ఆది బ్రహ్మసమాజం వారు అభ్యంతరం చెప్పారు. ఏమైనా ఆనాటికి అది పెద్ద అడుగు.

ఆరేళ్ళు గడిచాయి. కూచ్‌బిహారు సంస్థానపు మహారాజుకి కేశవ్ పెద్ద కూతురు సునీతిని అడిగారు. మహారాజు ఇంగ్లండు వెళ్ళబోతున్నాడు, ఆ లోపల పెళ్ళి కావాలని ఇంగ్లీషు అధికారుల తొందర. సునీతికి పద్నాలుగు నిండలేదు. వరుడికి పదహారు కూడా లేవు. ఇప్పుడు జరిగేది నిశ్చయమువంటిదే, కాపురం తరవాతనే అని కేశవ్ చెప్పుకున్నారు. ఇది భగవదాదేశమన్నారు. 1878 మార్చి 6న పెళ్ళి జరిగిపోయింది. తంతులో రాజపురోహితులు తమ పద్ధతులు కూడా చొప్పించారన్న అపవాదు వచ్చింది.

ఊరి పిల్లలందరికీ వయస్సు నిర్ణయించిన మనిషి తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి నిబంధన సడలించుకున్నాడు. ఎంత మంది అనుచరుల గుండెలు పగిలి ఉంటాయో ఊహించండి. ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్ళాయి. ఆచార్య పదవి నుంచి దిగమన్నారు. ఆయన దిగలేదు. మందిరంలో తోపులాటలై పోలీసులు రావలసి వచ్చింది. 1878 మే 15న శివనాథశాస్త్రి, ఆనందమోహన్ బోస్, దుర్గామోహన్ దాస్ మొదలైనవారు కలకత్తా టౌన్‌హాలులో సభ చేసి సాధారణ బ్రహ్మసమాజం స్థాపించారు. సాధారణ అంటే అందరిదీ అని. ఈసారి వారు ఒక మనిషి మంచితనం మీద ఆధారపడలేదు. నియమావళి రాసుకున్నారు, కమిటీని ఎన్నుకున్నారు, ఏ ఒక్కరి మాటా చెల్లకుండా అందరి ఓటుతో పని జరగాలన్నారు. వారి మందిర నిర్మాణానికి విరాళమిచ్చిన వారిలో దేవేంద్రనాథులు ఒకరు. తనను వదిలి వెళ్ళినవారే అయినా, వారి కొత్త ఇంటికి పెద్దాయన చెయ్యి సాచారు.

కేశవ్ గారిని మనం దుష్టుణ్ణి చేసి వదిలిపెట్టడం న్యాయం కాదు. ఆ తరవాత కూడా ఆయనలోని జిజ్ఞాస చావలేదు. అన్ని మతాలూ మనవే, ఒక్కొక్కరు ఒక్కొక్క మతం లోతుగా చదవండి అని శిష్యులకు పంచిపెట్టారు. ఒకరికి బౌద్ధం, ఒకరికి క్రైస్తవం, ఒకరికి హిందూ శాస్త్రాలు. గిరీశ్ చంద్రసేన్ గారి వంతుకు ఇస్లాం వచ్చింది. నలభై దాటిన వయస్సులో ఆయన లక్నో వెళ్ళి అరబీ నేర్చుకుని, 1881 నుంచి కొన్ని సంవత్సరాలు శ్రమపడి ఖురాను మొత్తం బెంగాలీలోకి తెచ్చారు. ఈ వయస్సులో మనకేం చదువు వస్తుందని నిట్టూర్చే అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ పెళ్ళికూతురు సునీతిదేవి కూడా ఊరుకోలేదు. మహారాణి అయ్యాక ఆడపిల్లల చదువుకు తోడ్పడింది, 1921లో ఇంగ్లీషులో తన ఆత్మకథ అచ్చువేసింది.

ఈ గాలి మన వైపు కూడా వీచింది. 1864లో కేశవ్ మద్రాసు వచ్చి ఉపన్యసించాక అక్కడ వేదసమాజం పుట్టింది. తరవాత అదే దక్షిణ భారత బ్రహ్మసమాజమయింది. 1878లో, అంటే కలకత్తాలో ఆ గొడవ జరిగిన ఏడాదే, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు ప్రార్థన సమాజం పెట్టారు. 1881 డిసెంబరు 11న వారు జరిపించిన మొదటి వితంతు వివాహం సంగతి మీకు తెలిసిందే. ఆ పెళ్ళికి వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, స్వయంగా వండి వడ్డించారు. ఉపన్యాసాలు పంతులుగారివి. ఆ బిందె ఆవిడ మొయ్యకపోతే ఆ పూట విస్తరి లేచేది కాదు.

1898 డిసెంబరులో మద్రాసులో ఒక కులాంతర వివాహం జరిగింది. వధువు హైదరాబాదులో పెరిగిన బెంగాలీ పిల్ల సరోజిని, వరుడు తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడు గారు. జరిపించినవారు వీరేశలింగం గారు. ఆధారం ఆ 1872 చట్టమే. వధువుకు పందొమ్మిదేళ్ళు. ఆ సరోజినీ నాయుడు గారే తరవాత మన దేశంలో మొదటి మహిళా గవర్నరు. ఇక కాకినాడలో పిఠాపురం రాజా వారి కాలేజీకి 1904 నుంచి ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు తెల్లని బట్టల్లో, తెల్లని తలపాగాతో ఆ కాలేజీనే ఒక ప్రార్థన మందిరంలా నడిపారు. ఆడపిల్లలకు కాలేజీ తలుపులు తీశారు. అనాథలకు, దళిత విద్యార్థులకు ఆశ్రయం ఏర్పరచడానికి పిఠాపురం మహారాజావారి ధనం, వీరి మనస్సు కలిశాయి. చలం, కృష్ణశాస్త్రి వంటి రచయితలు ఆ గాలి పీల్చినవారే.

బ్రహ్మసమాజంలో సభ్యుల సంఖ్య ఎన్నడూ ఎక్కువ లేదు. ప్రశ్నించి ప్రశ్నించి మూడు ముక్కలయ్యారు, ఇదేనా మీరు చెప్పే గొప్ప అనేవారూ ఉన్నారు. నిజమే, ముక్కలయ్యారు. కాని ప్రతి ముక్కా ఏదో ఒకటి మిగిల్చింది. ఒకటి చాటున చదివే వేదాన్ని సభలోకి తెచ్చింది. ఒకటి డాక్టర్లనడిగి చట్టం తెప్పించింది. ఒకటి ఆ చట్టం నాయకుడి ఇంటికి కూడా వర్తిస్తుందని నిలబడింది. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు 14 అంది. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో మతం కాదనుకోవలసిన అవసరం పోయింది. 1978లో ఆడపిల్లకు 18 అయింది. కూచ్‌బిహారు పెళ్ళికి సరిగ్గా నూరేళ్ళు!

కనుక ఈసారి పిల్ల కొంగు పట్టుకుని "ఇదెందుకమ్మా?" అంటే, పని ఉంటే పనయ్యాకనే సమాధానం చెప్పండి, కాని చెప్పండి. మనకు తెలియకపోతే దేవేంద్రనాథుల్లాగా "పద, కనుక్కుందాం" అనండి. కనుక్కున్నాక మంచిదని తోచిన దాన్ని ఉంచుకుందాం, కానిదాన్ని వదులుకుందాం. ఒక్క సంగతి మాత్రం మరవద్దు. పక్కింటి పిల్లకి మనం చెప్పే నీతి మన ఇంటి పిల్లకీ అదే అయి ఉండాలి. కేశవ్ గారంత పెద్దవారు తడబడింది సరిగ్గా ఆ గడప దగ్గరే.